డిజిటల్ దస్త్రాలను అడిగిన వెంటనే దొరికేలా అమర్చుకోవడం ఎలా?

‘స్కాన్ చేసి దాచాను, కంప్యూటర్లోనే ఎక్కడో ఉంది, కానీ దొరకడం లేదు.’ కాగితాలను, ఫొటోలను, పాత సంచికలను డిజిటల్ రూపంలోకి మార్చుకున్నవారు నన్ను అడిగే ప్రశ్నలు, మాటలు వేరైనా, చాలావరకు ఈ ఒక్క వాక్యంలోకే వస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని వారు అడుగుతారు. మీ దగ్గర జాబితా ఉందా అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. సాధారణంగా జాబితా ఉండదు. ఫోల్డర్లు మాత్రం వందల్లో ఉంటాయి.

ఇక్కడ చెప్పే పద్ధతి కొన్ని వందల నుంచి ఇరవై వేల ఫైళ్ల వరకు ఉన్న సేకరణలకు, అంటే ఒక కుటుంబపు కాగితాలకు, ఒక సంఘం రికార్డులకు, ఒక చిన్న పత్రిక పాత సంచికలకు, ఒక పరిశోధకుడు పోగుచేసుకున్న సామగ్రికి సరిపోతుంది. అంతకు మించిన సేకరణకు డేటాబేసు అవసరమవుతుంది గాని, అక్కడ కూడా మొదటి అడుగులు ఇవే.

కావలసినవి

• మొత్తం సేకరణకు రెట్టింపు ఖాళీ ఉన్న ఒక డ్రైవు, బ్యాకప్ కోసం విడిగా మరొకటి.
• స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాము. ఎక్సెల్ గాని, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ గాని చాలు.
• ఫైళ్ల పేర్లను గుంపుగా మార్చే సాధనం. విండోస్‌లో పవర్‌టాయ్స్‌తో వచ్చే పవర్‌రీనేమ్ ఈ పని చేస్తుంది. మ్యాక్‌లో ఫైండర్‌లోనే ఈ సదుపాయం ఉంది.
• బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ఓసీఆర్ ప్రోగ్రాము. టెసరాక్ట్ ఉచితం, తెలుగు చదువుతుంది. దాని ఆధారంగా పనిచేసే ఓసీఆర్‌మైపీడీఎఫ్ స్కాన్ చేసిన పేజీ వెనుక వెతకదగిన పాఠాన్ని పొరగా చేరుస్తుంది.
• పూర్తి పాఠాన్ని వెతికే ప్రోగ్రాము. విండోస్ సెర్చ్, మ్యాక్‌లోని స్పాట్‌లైట్, లేదా రికాల్, డాక్‌ఫెచర్ వంటివి.
• ఒక నోటుపుస్తకం. మొదటి అడుగుకు కంప్యూటర్ అక్కరలేదు.

1. ముందు ప్రశ్నలు రాసుకోండి

రేపు ఈ సేకరణ ముందు కూర్చుని మీరో, మీ తరువాతివారో ఏమేమి అడుగుతారో ఇరవై ప్రశ్నలు నోటుపుస్తకంలో రాయండి. ‘1998లో ఇల్లు కొన్నప్పటి రశీదు ఏది?’, ‘నాన్నగారి ఉత్తరాల్లో ఆపరేషన్ ప్రస్తావన ఎందులో ఉంది?’, ‘సంఘం మొదటి సమావేశం ఫొటోలో ఎడమ నుంచి మూడో మనిషి ఎవరు?’ వంటివన్న మాట. తరువాత ప్రతి ప్రశ్నలోనూ ఏ మాట పట్టుకుని వెతకాలో దాని కింద గీత గీయండి. ఏడాది, మనిషి, స్థలం, కాగితం రకం, విషయం అనే అయిదింటిలోనే దాదాపు అన్ని గీతలూ పడతాయని గమనిస్తారు. మీ జాబితాలో ఉండవలసిన గడులు అవే.

సిద్ధాంతంగా చెప్పుకోవలసింది ఒక్కటే ఉంది. ఒక రచనను ఒకే అరలో కుదించడం సాధ్యం కాదు, దానికి అనేక ముఖాలుంటాయి అన్న ఆలోచన మీద గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ అనే పుస్తకాల వర్గీకరణ పద్ధతిని వెలువరించారు. ఇల్లు అమ్మకం గురించి తమ్ముడికి రాసిన ఉత్తరం ‘ఉత్తరాలు’ ఫోల్డరులో ఉండాలా, ‘ఆస్తి’ ఫోల్డరులో ఉండాలా అని మీరు గంటసేపు తటపటాయించడానికి కారణం ఇదే. ఫైలు ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. ముఖాలన్నీ జాబితాలో ఉండాలి.

2. ఉన్నదంతా ఒకచోటికి చేర్చి, ఒక నకలును ముట్టుకోకుండా పక్కన పెట్టండి

ఫోన్లో, పాత పెన్‌డ్రైవులలో, ఈమెయిల్ జోడింపులలో ఉన్నవన్నీ ఒకే డ్రైవులోకి తెచ్చి, ‘యథాతథం’ అనే ఫోల్డరులో ఉన్నవి ఉన్నట్లుగా పెట్టండి. పని పూర్తయ్యేవరకు అందులో ఏ మార్పూ చేయకూడదు. మరో నకలు మీద పని చేయండి.

హెచ్చరిక: నకలు తీసినప్పుడు ఫైలు ‘సృష్టించిన తేదీ’ సాధారణంగా నకలు తీసిన రోజుకు మారిపోతుంది. కాబట్టి కంప్యూటర్ చూపే తేదీని ఆ కాగితం తేదీగా ఎన్నడూ నమ్మవద్దు. 1974 నాటి ఉత్తరాన్ని నిరుడు స్కాన్ చేసి ఉంటే, కంప్యూటర్ దృష్టిలో అది నిరుటిదే. ఫొటోలలో కెమెరా నమోదు చేసిన ఎగ్జిఫ్ తేదీ కొంత నయం గాని, కెమెరా గడియారం తప్పుగా ఉంటే అదీ తప్పే. వాట్సాప్‌లో ఫొటోగా పంపినప్పుడు ఆ లోపలి సమాచారం తొలగిపోతుంది. అసలు ఫైలు తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంటుగా పంపమని అడగండి.

ఒకే ఫైలు రెండు మూడు చోట్ల ఉంటే తీసివేయడానికి తొందరపడకండి. ఫైలులోని సమాచారాన్నంతా లెక్కగట్టి తీసే గుర్తింపు కోడు, అంటే షా-256 వంటి చెక్‌సమ్ రెండింటికీ ఒకటే అయితే అవి ఒకే ఫైలుకు నకళ్లు, ఒకటి తీసివేయవచ్చు. చెక్‌సమ్ వేరైతే, చూడడానికి ఒకేలా ఉన్నా, ఒకటి మెరుగైన స్కాన్ కావచ్చు. కళ్లతో చూసి తేల్చవలసిందే.

3. ప్రతి అంశానికీ ఎన్నటికీ మారని నంబరు ఇవ్వండి

మొత్తం పద్ధతిలో కీలకమైన మెట్టు ఇది. 00001 నుంచి మొదలుపెట్టి అయిదంకెల వరుస సంఖ్య ఇవ్వండి. ఒక అంశం అంటే ఒక ఉత్తరం, ఒక సంచిక, ఒక ఫొటో. నాలుగు పేజీల ఉత్తరానికి నాలుగు నంబర్లు కావు. ఒకే నంబరు, దాని కింద పేజీలు: 00132-01, 00132-02. వీలైతే పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలపండి.

ఫైలు పేరులో మూడే భాగాలు చాలు: నంబరు, తేదీ, రకం. ఉదాహరణకు, 00132_1974-08-15_ఉత్తరం. తేదీని సంవత్సరం-నెల-రోజు క్రమంలోనే రాయాలి. ఇది ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఇలా రాసిన తేదీలను అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. 15-08-1974 అని రాస్తే అన్ని నెలల పదిహేనో తేదీలూ ఒకచోట గుమిగూడతాయి. నెల, రోజు తెలియకపోతే 1974-00-00 అనండి.

తేదీ ముందు ఉంటే బాగుండదా అని చాలామంది అడుగుతారు. తేదీని తరువాత సరిదిద్దవలసి రావచ్చు. 1974 అనుకున్నది 1976 అని తేలవచ్చు. నంబరు మారదు. మారనిదే ముందుండాలన్నది నా అభిప్రాయం.

పేరులో అంతకన్నా ఎక్కువ చెప్పాలని ప్రయత్నించకండి. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫోల్డర్లతో కలిపి మొత్తం దారి 260 అక్షరాలు దాటితే మొరాయిస్తాయి. లినక్స్ ఫైల్ వ్యవస్థల్లో పేరుకు 255 బైట్లు పరిమితి. తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే (స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు) పద్దెనిమిది బైట్లు ఖర్చవుతాయి. పెద్ద శీర్షికను ఫైలు పేరుగా పెట్టి, బ్యాకప్ మధ్యలో ఆగిపోయిందని వాపోయినవారిని చూశాను. ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం, జంట కొటేషన్ గుర్తు, ఏటవాలు గీతలు విండోస్ ఒప్పుకోదు. పాత జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను చెరిపేస్తాయి కనుక, ఫైళ్లు అనేకమంది చేతులు మారేట్లయితే రకం కూడా వదిలేసి నంబరు, తేదీ మాత్రమే ఉంచండి.

ముఖ్యమైన హెచ్చరిక: పేరు మార్చేముందు పాత పేరును జాబితాలో ఒక గడిలో నమోదు చేయండి. ఒకసారి నేను ఆరువందల ఫైళ్ల పేర్లు ఒక్క నొక్కుతో మార్చి ఎంతో పని తప్పిందనుకున్నాను. ఏ బొమ్మలో ఎవరున్నారో వివరాలన్నీ స్కానర్ ఇచ్చిన పాత నంబర్ల ప్రకారం ఒక డైరీలో రాసి ఉన్నాయని తరువాత గుర్తుకొచ్చింది. రెండు వారాలపాటు బొమ్మలు ఒక్కొక్కటే చూసి జత కలపవలసి వచ్చింది.

4. ఫోల్డర్లను తగ్గించండి

ఫోల్డర్లను విషయాన్ని బట్టి కాక, మూలాన్ని బట్టి చేయండి. అంటే ఆ కాగితాలు ఎవరి దగ్గర నుంచి, ఏ పెట్టెలోంచి వచ్చాయో దాన్ని బట్టి. దస్త్రాగారాల్లో పనిచేసేవారు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి ఇది: ఒక వ్యక్తి కాగితాలను మరొకరి కాగితాలతో కలపరు, వచ్చిన క్రమాన్ని చెదరగొట్టరు. ఒక ఉత్తరం పక్కన ఏ రశీదు ఉందన్నది కూడా సమాచారమే.

ఫోల్డరులో ఫోల్డరు మూడు మెట్లకు మించనివ్వకండి. ‘ఇతరములు’ అనే ఫోల్డరు అసలు సృష్టించకండి. ఆరు నెలల్లో సగం సేకరణ అందులో చేరుతుంది.

5. జాబితా తయారుచేయండి

స్ప్రెడ్‌షీటులో ఒక్కో అంశానికి ఒక్కో వరుస. గడులు ఇవి: నంబరు, ఫైలు పేరు, పాత పేరు, శీర్షిక, తేదీ, తేదీ ఎంతవరకు ఖాయం, రాసినవారు లేక తీసినవారు, ప్రస్తావనకు వచ్చిన వ్యక్తులు, స్థలం, రకం, విషయపదాలు, మూలం, అసలు ప్రతి ఎక్కడుంది, ఎవరు చూడవచ్చు, గమనిక. గ్రంథాలయాలు విస్తృతంగా వాడే డబ్లిన్ కోర్ అనే వివరణ పద్ధతిలో 15 అంశాలున్నాయి. రేపు మీ సేకరణను ఏదైనా సంస్థకు అప్పగించవలసి వస్తే ఈ గడుల్లో చాలావాటిని వాటితో జతపరచడం కష్టం కాదు.

ఒక గడిలో ఇద్దరు ముగ్గురు వ్యక్తులుంటే సెమికోలన్‌తో వేరుచేయండి. కామా వద్దు, అది పేరులోనే రావచ్చు. తెలియనిచోట ఖాళీ వదలకుండా ‘తెలియదు’ అని రాయండి. ఖాళీ గడి అంటే ఇంకా చూడలేదని అర్థం. ‘తెలియదు’ అంటే చూశాను, తేలలేదని అర్థం. పెద్దవారెవరైనా ఇంటికి వచ్చినప్పుడు ‘తెలియదు’ అని ఉన్న ఫొటోలనన్నిటినీ ఒక్కసారిగా వడపోసి వారి ముందు పెట్టవచ్చు. నా అనుభవంలో అన్నిటికన్నా ఫలితమిచ్చిన చిన్న ఏర్పాటు ఇది.

శీర్షికను మీ మాటల్లో, వెతికేవారి మాటల్లో రాయండి. ‘ఉత్తరం’ అంటే శీర్షిక కాదు. ‘ఇల్లు అమ్మకం గురించి అన్నయ్య తమ్ముడికి రాసిన ఉత్తరం’ అంటే శీర్షిక.

ఎక్సెల్‌లో జాగ్రత్తలు: నంబరు, తేదీ గడులను రాయడం మొదలుపెట్టక ముందే ‘టెక్స్ట్’గా అమర్చండి. లేకపోతే 00132 కాస్తా 132 అవుతుంది; 03-04-1998 అన్నది కంప్యూటర్ అమరికను బట్టి మార్చి నాలుగో తేదీ కావచ్చు, ఏప్రిల్ మూడో తేదీ కావచ్చు. పైగా 1900కు ముందటి తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. జాబితాను సీఎస్‌వీగా కూడా భద్రపరచండి (ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే సాదా పాఠం అది), అయితే సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, తిరిగి రాదు. సేవ్ చేశాక ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు కనిపిస్తోందో లేదో చూసిన తరువాతే ముందుకు వెళ్లండి.

వేల వరుసలు ఒకేసారి నింపలేమని భయపడవద్దు. మొదటి విడతలో నంబరు, తేదీ, రకం, శీర్షిక మాత్రమే నింపి, మిగిలినవి తరువాత పూరించండి. అన్ని గడులూ నిండిన వంద వరుసల కంటే నాలుగు గడులు నిండిన వెయ్యి వరుసలు ఎక్కువ ఉపయోగపడతాయి.

6. పేర్లకు, విషయాలకు ఒకే రూపం నిర్ణయించండి

ఒకే మనిషి ఒకచోట గిడుగు రామమూర్తి, ఒకచోట గిడుగు వేంకట రామమూర్తి, మరోచోట రామమూర్తి పంతులు అని నమోదైతే, ఏ పేరుతో వెతికినా మూడో వంతే దొరుకుతుంది. జాబితాలోనే రెండో షీటు తెరిచి, ఎడమ గడిలో మీరు ఖాయం చేసుకున్న రూపం, కుడి గడిలో ఇతర రూపాలన్నీ రాయండి. ఇంటి పేరు ముందు, పూర్తిగా. పొడి అక్షరాలు వద్దు. ఇంట్లో పిలుచుకునే పేర్లు, పెళ్లయిన తరువాత మారిన ఇంటి పేర్లు కుడి గడిలోకి వస్తాయి. ఒకే పేరున్న తాతామనవళ్లుంటే పక్కన పుట్టిన సంవత్సరం చేర్చండి, లేకపోతే ఇద్దరూ ఒక్కరైపోతారు.

విషయపదాలకూ అంతే. ‘భూమి’, ‘పొలం’, ‘వ్యవసాయ భూమి’ మూడూ వాడవద్దు. ఒకటి ఎంచుకుని, మిగిలినవాటికి ఎదురుగా ‘చూడు: పొలం’ అని రాయండి. ఎనభై, వంద పదాలతో ఒక మధ్యస్థ సేకరణ గడిచిపోతుంది. నాలుగో వంతు ఫైళ్లకు తగులుతున్న పదం మరీ విశాలమైనది, దాన్ని విడగొట్టండి. ఏడాది తరువాత కూడా ఒకే ఒక్క ఫైలుకు ఉన్న పదం బహుశా అక్కరలేదు. ఒక అంశానికి మూడు నుంచి అయిదు పదాలు చాలు. తోచినవన్నీ తగిలిస్తే ప్రతి వెతుకులాటలోనూ ప్రతిదీ వచ్చి కూర్చుంటుంది.

7. బొమ్మలను వెతకదగిన పాఠంగా మార్చండి

అచ్చుపాఠానికి స్కాన్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. అక్షరాలు మరీ చిన్నవైతే 600. పేజీ వంకర లేకుండా సరిచేసి, ఓసీఆర్‌లో తెలుగును, పేజీలో ఇంగ్లిషు మాటలుంటే ఇంగ్లిషును కూడా ఎంచుకోండి. ఓసీఆర్‌మైపీడీఎఫ్ మామూలుగానే పీడీఎఫ్/ఏ రూపంలో ఇస్తుంది. దీర్ఘకాలం భద్రపరచడానికి ఉద్దేశించి 2005లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన రూపం అది. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే కూడా తెలుగు పాఠం వస్తుంది గాని, ఆస్తి పత్రాలు, వైద్య నివేదికలు వంటి సొంత కాగితాలను ఆన్‌లైన్‌కు ఎక్కించే ముందు ఆలోచించండి.

తెలుగు ఓసీఆర్ తప్పులు లేకుండా రాదు. ద, ధ, థలు ఒకదానికొకటి మారతాయి. మ బదులు వు, ప బదులు వ వస్తాయి. పాత అచ్చులో వత్తులు ఎగిరిపోతాయి. మొత్తం దిద్దాలని కూర్చుంటే పని ఎన్నటికీ తెమలదు. శీర్షికలు, మనుషుల పేర్లు, స్థలాల పేర్లు మాత్రం దిద్ది, వాటిని జాబితాలో చేర్చండి. చేతిరాతపై ఓసీఆర్ ఆశలు పెట్టుకోవద్దు. ఉత్తరం చదివి మూడు వాక్యాల సారాంశం ‘గమనిక’ గడిలో రాయడమే దగ్గరిదారి.

కంప్యూటర్‌లోనే తయారైన పాత తెలుగు పీడీఎఫ్‌లతో చిక్కు వేరు. ‘అను’ వంటి, యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణానికి) ముందటి ఫాంట్లతో కూర్చిన పేజీ కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల వరుస. పరీక్ష సులువే: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. చెత్త వస్తే, అసలు డీటీపీ ఫైలు ఉంటే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి. లేకపోతే ఆ పేజీని బొమ్మగానే భావించి ఓసీఆర్ చేయండి. యూనికోడ్ ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్‌లలో కూడా సంయుక్తాక్షరాలు కొన్నిసార్లు చెదురుతాయి కనుక ఈ పరీక్ష అందరికీ అవసరమే.

8. తెలుగులో వెతకడంలోని మెలకువలు

ఇంగ్లిషు కోసం రాసిన సూచనలలో ఇవి కనిపించవు. ‘నా ఫైలులో ఆ మాట ఉంది, అయినా సెర్చ్‌లో రావడం లేదు’ అన్న ప్రశ్నకు సమాధానం ఎక్కువసార్లు వీటిలోనే ఉంటుంది.

మొదటిది విభక్తులు. ‘పొలం’ అని వెతికితే ‘పొలాన్ని’, ‘పొలాలకు’ రావు. ‘పొల’ అని వెతకాలి. రికాల్, డాక్‌ఫెచర్‌లలో చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. అప్పుడు ‘పొలిమేర’ కూడా వస్తుంది, ఎందుకంటే యూనికోడ్‌లో గుణింతపు గుర్తు హల్లు తరువాత వచ్చే వేరే సంకేతం. ‘ఇల్లు’ మరీ చిక్కు: ఇంటికి, ఇంట్లో, ఇళ్లు అన్నీ కావాలంటే ‘ఇల్ల’, ‘ఇంట’, ‘ఇళ్ల’ అని మూడుసార్లు వెతకాలి.

రెండోది వర్ణక్రమ భేదాలు. బ్యాంక్, బ్యాంకు, బాంకు, పంచాయతీ, పంచాయితీ, అర్థం, అర్ధం, వెంకట, వేంకట. జాబితాలో ఒకే రూపం వాడితే మీ వైపు సమస్య తీరుతుంది గాని, మూలపాఠంలో అవి అలాగే ఉంటాయి, ఉండాలి కూడా. పాఠాన్ని మార్చవద్దు, ఎక్కువగా ఎదురయ్యే భేదాలను రెండో షీటులో రాసుకుని, వెతికేటప్పుడు అన్నీ ప్రయత్నించండి.

మూడోది కంటికి కనిపించని అక్షరం. ‘ఫైల్‌లో’ అని ల్ పొల్లు విడిగా కనిపించేలా టైపు చేసినప్పుడు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం ఉంటుంది. అది లేకుండా టైపు చేసిన మాట దీనితో కలవదు. కొన్ని వెతుకు ప్రోగ్రాములు దాన్ని పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. విషయపదాల్లో ఆ సంకేతం రాకుండా ‘ఫైలు’, ‘ఆఫీసు’ అని ఉకారాంతంగా రాసుకోవడం మేలు. అలాగే ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూడడానికి రెండూ ఒకటే. పాత మ్యాక్ డిస్కుల నుంచి వచ్చిన ఫైలు పేర్లలో ఈ రెండో రూపం కనిపించవచ్చు.

నాలుగోది అంకెలు, ఖాళీలు. ౧౯౭౪ అని అచ్చైనదాన్ని 1974తో వెతకలేరు. జాబితాలో ఎప్పుడూ 1974 అనే రాయండి. సమాసాలను కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్నది కూడా ఒకసారి నిర్ణయించుకుని మార్చకండి.

9. వెతుకు ప్రోగ్రాముకు మీ ఫోల్డరు చూపించండి

విండోస్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్‌కు వెళ్లి మీ సేకరణ ఫోల్డరును చేర్చండి; బయటి డ్రైవులు మామూలుగా అందులో చేరి ఉండవు. అక్కడే అడ్వాన్స్‌డ్‌లో పీడీఎఫ్‌కు ‘ఫైలు లోపలి పాఠం కూడా’ అన్న అమరిక ఉందో లేదో చూడండి, లేకపోతే పేర్లు మాత్రమే వెతుకుతుంది. సూచిక తయారుకావడానికి గంటలు పట్టవచ్చు. మధ్యలో వెతికి, పని చేయడం లేదని తీర్మానించకండి.

ప్రోగ్రాము తెలుగును సరిగా విడగొడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఫైలులో మూడు సంయుక్తాక్షరాలున్న మాటలు రాసి వెతకండి. కొన్ని ప్రోగ్రాములు పొల్లు దగ్గర, గుణింతం దగ్గర మాటను తెగ్గొడతాయి. అలా జరిగితే వేరే ప్రోగ్రాముకు మారండి; అమరికలతో కుస్తీ పడవద్దు.

ఫొటోలకు ఈ దారి పనికిరాదు, వాటిలో పాఠం ఉండదు. డిజీక్యామ్ వంటి ప్రోగ్రాముతో వ్యక్తుల పేర్లను, వివరణను ఫొటో ఫైలులోనే రాయండి. ఆ వివరాలు ఫైలుతో పాటు వెళ్తాయి, జాబితా పోయినా మిగులుతాయి.

10. దొరుకుతోందో లేదో పరీక్షించండి

మొదటి అడుగులో రాసిన ఇరవై ప్రశ్నలను బయటికి తీయండి. మీరు వెతకకండి, మీకు జవాబులు తెలుసు. ఈ పనిలో పాలుపంచుకోని ఒకరిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలు ఇవ్వండి. పక్కన మాట్లాడకుండా కూర్చుని, వారు ఏ మాటతో వెతికారో రాసుకోండి. విఫలమైన ప్రతి మాటా మీ రెండో షీటులో ‘చూడు’ గా చేరాలి. ఇరవైలో పదహారు దొరికితే మంచి ఫలితమే. పది లోపు దొరికితే, లోపం సాధారణంగా శీర్షికల్లో ఉంటుంది. తిరిగి అయిదో అడుగుకు వెళ్లండి. యాభై ఫలితాలు వచ్చి వాటిలో కావలసినది నలభయ్యో స్థానంలో ఉంటే దాన్ని కూడా వైఫల్యంగానే లెక్కించండి.

తరువాత రెండు వైపులా సరిచూడండి. జాబితాలో ఎక్కడో ఇరవై వరుసలు తీసుకుని ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నాయా చూడండి. ఫోల్డర్లలో ఎక్కడో ఇరవై ఫైళ్లు తీసుకుని వాటికి జాబితాలో వరుసలున్నాయా చూడండి. మొదటి పరీక్షలో చెడిన ఫైళ్లు, రెండో పరీక్షలో మరచిన ఫైళ్లు బయటపడతాయి. జాబితాలోని నంబర్ల గడిని క్రమంలో పెట్టి, ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందేమో కూడా గమనించండి.

11. బ్యాకప్, ఆపై నెలవారీ పని

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. క్లౌడ్‌తో సింక్ చేయడాన్ని బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరుగుతుంది. ప్రతి ప్రతిలోనూ జాబితా ఉండాలి, చెక్‌సమ్‌ల చిట్టా కూడా ఉండాలి. ఏడాదికొకసారి ఆ చిట్టాతో పోల్చి చూస్తే నిశ్శబ్దంగా చెడిపోయిన ఫైళ్లు తెలుస్తాయి.

కొత్తగా వచ్చేవాటికి ‘వచ్చినవి’ అనే ఒకే ఒక ఫోల్డరు పెట్టి, నెలకొక రోజు దాన్ని ఖాళీ చేయండి. నంబరు వేయకుండా ఏదీ అందులోంచి బయటికి పోకూడదు. మీరు పెట్టుకున్న నియమాలన్నీ, అంటే నంబరు ఎలా వేస్తారు, పేర్లు ఎలా రాస్తారు, ‘తెలియదు’ అంటే ఏమిటి అన్నవి, ఒక పేజీలో రాసి ‘ముందు ఇది చదవండి’ అన్న పేరుతో అన్నిటికన్నా పై ఫోల్డరులో ఉంచండి. జాబితాతో పాటు ఆ పేజీని కూడా అచ్చు తీసి, అసలు కాగితాలున్న పెట్టెలో పెట్టండి.